వెండి నగ మీది ముద్ర: కర్తృత్వమా, పూచీయా?

సరుకు మంచిదని చెప్పడానికి తెలుగులో 'నాణ్యమైనది' అంటాం. ఈ మాటకు మూలం నాణెం, సంస్కృతంలో నాణకం. నాణెం అంటే ముద్ర పడిన లోహపు బిళ్ళ. మేలిని సూచించే మన నిత్యవ్యవహార పదంలోనే ముద్ర దాగి ఉందన్న మాట. అయితే ఆ పదం పుట్టిన లోహవ్యవహారంలోకి వెళ్ళి చూస్తే ఒక వైపరీత్యం కనిపిస్తుంది. తెలుగునేల మీద నాణేనికి ముద్ర ఉంది. రాగిశాసనానికి ముద్ర ఉంది. పదానికీ, సంకీర్తనకూ ముద్ర ఉంది. కాలి కడియానికి, వడ్డాణానికి, మట్టెకు మాత్రం చాలాకాలం ముద్ర లేదు.

ఈ లేమికి కారణం వెతకడానికి ముందు, ముద్ర ఉన్నచోట అది ఏమి చెబుతుందో తేల్చుకోవాలి. వస్తుప్రదర్శనశాలల పట్టికల్లోనూ వేలంపాటల సూచికల్లోనూ 'తయారీదారు' అన్న గడిలో వస్తువు మీది ముద్రలో ఉన్న పేరును నింపడం ఆనవాయితీ. వెండి మీది తయారీదారు ముద్ర నిజంగా దానిని తయారుచేసిన చేతిని చూపుతుందా? చూపదనీ, ఆ వస్తువుకు పూచీ పడినవారిని మాత్రమే చూపుతుందనీ, ఈ తేడాను విస్మరించడం వల్ల దక్షిణభారత కంసాలి చరిత్రకు నష్టం జరిగిందనీ ఈ వ్యాసం ప్రతిపాదన. ముద్రల వ్యవస్థ సుదీర్ఘకాలం నిలిచి, పత్రాలతో సహా దక్కిన దేశం ఇంగ్లండు కాబట్టి మొదట దానిని పరిశీలించి, ఆ తరువాత మద్రాసుకూ తెలుగునాటికీ వస్తాను.

పొరలుగా చేరిన శాసనం

మేలిమి వెండి మెత్తన. నగకు, పాత్రకు గట్టిదనం రావాలంటే కొంత రాగి కలపక తప్పదు. కలిపేది ఎంత అన్నదే తగవు. ఇంగ్లండులో స్టెర్లింగ్ అని పేరుపడిన ప్రమాణం ప్రకారం పన్నెండు ఔన్సుల ట్రాయ్ పౌనులో 11 ఔన్సుల 2 పెన్నీవెయిట్ల వెండి ఉండాలి. నేటి లెక్కలో వెయ్యికి 925 పాళ్ళు. రాగి మరికొంత ఎక్కువ కలిపినా కంటికి తెలియదు. బంగారానికి గీటురాయి బాగా పనిచేస్తుంది. అందుకే మనకు 'పదహారు వన్నెల బంగారం' అన్న మాట ఉంది. వన్నె అంటే రంగు, రంగే మేలిమికి కొలత. వెండి గీతలో ఆ తేడాలు అంత స్పష్టంగా తేలవు. అందువల్ల వెండికి అగ్నిపరీక్షే శరణ్యమైంది. వస్తువు నుంచి గీకిన తునకలను తూచి, సీసంతో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో కాలుస్తారు. సీసమూ రాగీ ఆ గిన్నెలోకి ఇంకిపోగా మిగిలిన వెండి పూసను మళ్ళీ తూస్తారు. మొదటి తూకానికీ రెండవ తూకానికీ ఉన్న తేడాయే కల్తీ. ఈ పని కొనేవాడు అంగట్లో నిలబడి చేయించుకోగలిగింది కాదు. ఎవరో ఒకరు ముందే చేసి, చేశామని గుర్తు పెట్టాలి. ముద్ర అవసరం ఇక్కడ పుట్టింది.

1300లో మొదటి ఎడ్వర్డు చేసిన చట్టం స్టెర్లింగుకు తక్కువైన వెండి పనివాడి చేతి నుంచి బయటికి పోరాదని శాసించింది. వృత్తి పెద్దలు పరీక్షించి చిరుతపులి తల గుర్తు కొట్టాలి. చిరుతపులి అన్నది ఆనాటి వంశచిహ్నాల పరిభాష. చూపరులకు అది ఎదురుగా చూస్తున్న సింహపు ముఖంలాగే ఉంటుంది. 1363లో ప్రతి పనివాడూ తన సొంత గుర్తు పెట్టుకోవాలన్న నియమం వచ్చింది. 1478లో స్వర్ణకార సంఘం లండనులోని తన భవనంలో స్థిరంగా ఒక పరీక్షకుణ్ణి నియమించింది. వస్తువులు ఆ 'హాలు'కు తీసుకువచ్చి ముద్ర వేయించుకోవలసి వచ్చింది కాబట్టి అది 'హాల్‌మార్క్' అయింది. నేడు తెలుగు పత్రికలు నిజాయితీకి, నటనకు, చివరకు రాజకీయ నాయకుల నడవడికి కూడా ధారాళంగా వాడే ఈ మాట ఒక భవనం పేరు నుంచి వచ్చిందన్న సంగతి ఎక్కువమందికి స్ఫురించదు.

అదే 1478లో మూడవ గుర్తు చేరింది. ఏటా మారే అక్షరం అది. నేటి పరిశోధకులకు కాలనిర్ణయంలో ఇంతకన్నా గట్టి ఆధారం లేదు. లండనులో ఇరవై అక్షరాలు ఒక ఆవృత్తి. అది పూర్తికాగానే అక్షరం వంపు మారుతుంది, దాని చుట్టూ ఉండే కవచాకారం మారుతుంది. లిపిశాస్త్రం అభ్యసించినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అక్షరం ఏదన్నదే కాక, అది ఏ తీరులో ఉన్నదన్నది కాలాన్ని చెబుతుంది. ఆ సంవత్సరం కూడా జనవరితో మొదలుకాదు. మొదట మే 19న, 1660 నుంచి మే 29న అక్షరం మారేది. కాబట్టి 1975కు ముందరి లండను అక్షరాన్ని ఒకే ఏడాదికి ముడిపెట్టి రాయడం పొరపాటు. రెండేళ్ళ భాగాలను కలిపి సూచించాలి. అయితే ఈ అక్షరం పుట్టింది కాలనిర్ణయం కోసం కాదు. ఆ ఏడు పరీక్షాధికారంలో ఎవరు ఉన్నారో దాని వల్ల తెలుస్తుంది. తక్కువ వెండికి మంచి ముద్ర పడితే ఎవరిని నిలదీయాలో తెలియడం కోసం పుట్టిన గుర్తు అది. మనం తేదీగా చదువుతున్నది ఆనాటివారికి ఒక మనిషి పూచీకత్తు.

1544లో నడిచే సింహం చేరింది. అప్పుడు ఎనిమిదవ హెన్రీ తన నాణేలలోనే వెండి తగ్గిస్తున్నాడు. రాజు ముద్ర ఉన్న నాణెం నమ్మరానిదైన రోజుల్లో వెండి వస్తువు మీద మరో గుర్తు అవసరం కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. 1697లో కథ తిరగబడింది. ప్రజలు నాణేలను కరిగించి పాత్రలు చేయించుకుంటున్నారని, వస్తువుల ప్రమాణాన్ని నాణెం కన్నా పెంచి 958.4కు తెచ్చారు. సింహానికి బదులు కూర్చున్న బ్రిటానియా దేవత, చిరుతపులి తలకు బదులు సింహం తల వచ్చాయి. పనివాడి గుర్తు కూడా మారి అతని ఇంటిపేరులోని మొదటి రెండు అక్షరాలైంది. 1720లో పాత ప్రమాణాన్ని మళ్ళీ అనుమతించారు. 1784లో పన్ను కట్టినందుకు గుర్తుగా రాజు తల ముద్ర వచ్చి 1890 దాకా సాగింది. మొదటి ఏడాదిన్నర పాటు ఆ తల లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, 1786 నుంచి ఉబ్బెత్తుగా ఉంటుంది. కాలనిర్ణయానికి అది చిన్న లాభం.

ఈ ముద్రల వరుసను ఒకేనాడు చెక్కిన శాసనంగా చదవరాదు. ఎప్పటికప్పుడు నమ్మకం చెడిన చోట ఒక గుర్తును అతికించుకుంటూ వచ్చిన శాసనం ఇది. మొదట పనివాడి మీద నమ్మకం లేక సంఘం ముద్ర, సంఘం పరీక్షకుడి మీద లేక సంవత్సరాక్షరం, నాణెం మీద లేక సింహం. చివరిదైన రాజు తల మాత్రం ఖజానా కోసం వచ్చింది.

కర్త, కారయిత

ఇక తయారీదారు ముద్ర సంగతి. దీనిని చదవడానికి మనకు పనికివచ్చే పరిభాష అర్థశాస్త్రంలో ఉంది. రెండవ అధికరణంలో అక్షశాల, అంటే ప్రభుత్వపు బంగారు వెండి పనిశాల, వర్ణన వస్తుంది. పనిలో ఉన్న లోహాన్ని ఉదయం, సాయంత్రం భద్రపరచేటప్పుడు దాని మీద కర్త ముద్ర, కారయిత ముద్ర రెండూ ఉండాలని కౌటిల్యుడు విధిస్తాడు. చేసేవాడు కర్త, చేయించేవాడు కారయిత. ఇవి పూర్తయిన నగ మీద శాశ్వతంగా నిలిచే ముద్రలు కావు. పనిశాలలో దొంగతనం జరగకుండా వేసే గుర్తులు. నగ బయటికి వెళ్ళేనాటికి ఆ రెండూ ఉండవు. కాని ఒకే వస్తువుకు రెండు ముద్రలుంటాయనీ, చేసిన చెయ్యీ చేయించిన అధికారమూ వేరనీ గుర్తించిన ఈ పరిభాష ఐరోపా వెండి చరిత్రకారుల పదజాలం కన్నా నిశితమైనది.

ఇంగ్లండు ముద్రల్లో కనిపించే పేరు ఈ ఇద్దరిలో ఎవరిది? 1973లో బ్రిటను హాల్‌మార్కింగ్ చట్టాన్ని తిరగరాసినప్పుడు 'తయారీదారు' అన్న మాటను వదిలి, వస్తువును పరీక్షకు పంపి బాధ్యత వహించినవారిది అన్న అర్థంలో స్పాన్సర్ ముద్ర అని పేరు పెట్టింది. చట్టం ఇక్కడ కొత్త పద్ధతిని తేలేదు. శతాబ్దాలుగా ఉన్న వాస్తవాన్ని పేరు పెట్టి ఒప్పుకుంది. ఒక పెద్ద పనిశాలలో ఒకడు సాగగొడతాడు, ఒకడు పోత పోస్తాడు, ఒకడు చెక్కుతాడు, ఒకడు మెరుగు పెడతాడు. ముద్ర యజమానిది. తాను చేయక వేరొకరి దగ్గర కొన్న వస్తువు మీద కూడా వ్యాపారి తన ముద్ర కొట్టవచ్చు. కింద ఉన్న పాత ముద్ర మీదనే తన అచ్చు పెట్టి కొట్టిన ఉదాహరణలు కొల్లలు.

హెస్టర్ బేట్‌మన్ ఉదంతం ఈ విషయంలో ఎంతో బోధపరుస్తుంది. భర్త జాన్ 1760లో చనిపోగా ఆమె 1761లో తన పేరు పొడి అక్షరాలతో ముద్ర నమోదు చేయించుకుంది. 1790 దాకా ఆ పనిశాల ఆమె పేర నడిచింది. ఆమెకు చదువు రాదంటారు. రాత రాని మనిషి పేరు వంపులు తిరిగిన అందమైన అక్షరాల్లో వేలాది చెంచాల మీద, టీ పాత్రల మీద నిలిచిపోయింది. మొదటి సంవత్సరాల్లో ఆమె పనిశాల చాలామటుకు ఇతర వ్యాపారులకు సరుకు చేసి ఇచ్చేది, ఆ వస్తువుల మీద ముద్రలు వారివి. అంటే ఆమె పనిశాలలో తయారైన వస్తువుల మీద ఆమె ముద్ర లేదు. ఆమె ముద్ర ఉన్న వస్తువులన్నీ ఆమె చేత్తో చేసినవీ కావు. తరువాతి కాలపు సేకర్తలు ఆమెను గొప్ప వెండిపనిగత్తెగా కీర్తించారు, కొందరు పరిశోధకులు ఆమె సుత్తి పట్టలేదని కొట్టిపారేశారు. రెండు పక్షాలూ ముద్రను చేతిరాతగా పొరబడ్డాయనే నా అభిప్రాయం. అచ్చు పట్టుకుని పనిశాల ముందు నిలబడి, ముప్ఫై ఏళ్ళ పాటు ప్రతి తులం వెండికీ జవాబుదారీ వహించిన యజమానురాలిగా ఆమెను చూడడమే న్యాయం. అది చిన్న విషయమేమీ కాదు.

తెలుగు సాహిత్యం చదువుకున్నవారికి ఈ చిక్కు పాతదే. క్షేత్రయ్య పదాల్లోని ముద్ర కవి పేరు కాదు, మువ్వగోపాలుడి పేరు. తాళ్ళపాక వారి రాగిరేకుల్లో అన్నమాచార్యులు, పెదతిరుమలాచార్యులు, చినతిరుమలాచార్యులు ముగ్గురి సంకీర్తనలకూ వేంకటేశ్వర ముద్రే. రేకుల మీది శీర్షికల్లో పేర్లు లేకపోతే ఏది ఎవరిదో ముద్రను బట్టి చెప్పడం దుస్సాధ్యం. అది ఒక వంశపు పనిశాల ముద్ర, ఆ సంకీర్తనలు చేరవలసిన దైవం పేర వేసిన ముద్ర. కవినామాంకం కాదు.

ముద్రకు అర్థం చెప్పగలిగేది దాని పక్కన ఉన్న పుస్తకమే. లండను సంఘం దగ్గర పదిహేడవ శతాబ్దం చివరి దశకాలకు చెందిన ఒక రాగిపలక ఉంది. పనివాళ్ళు దాని మీద తమ అచ్చులు కొట్టారు. ముద్రలు మిగిలాయి, వాటికి ఎదురుగా ఉండవలసిన పేర్ల పట్టిక దక్కలేదు. ఇతర పత్రాలతో పోల్చి చాలా ముద్రలకు పేర్లు తిరిగి సంపాదించడానికి పరిశోధకులు ఎంతో శ్రమపడవలసి వచ్చింది. పెద్ద వస్తువులు చేసేవారి ముద్రలు నమోదైన 1758-1773 నాటి పుస్తకమూ పోయింది. ఆ పదిహేనేళ్ళ ముద్రలకు నేడు చెప్పుకుంటున్న పేర్లలో కొన్ని ఊహలే. అచ్చు ఎంత స్పష్టంగా ఉన్నా పుస్తకం పోతే అది రెండు అక్షరాలు మాత్రమే.

ముద్ర ఉన్నా, లేకపోయినా

ముద్ర అబద్ధం చెప్పగలదు కూడా. 1720-1758 మధ్య వెండి వస్తువు మీద ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను ఉండేది. బరువైన పాత్రకు పన్ను ఎగవేయాలనుకున్న కొందరు ఒక చిన్న వస్తువును పరీక్షకు పంపి, దాని మీద పడ్డ ముద్రల భాగాన్ని కత్తిరించి, పెద్ద పాత్ర అడుగున టంకం పెట్టి అతికేవారు. ముద్ర అసలుదే, వెండీ తరచు మంచిదే, వాటి పొత్తు మాత్రమే అబద్ధం. మీద ఊపిరి ఊదితే ఆవిరి కింద టంకపు గీత బయటపడుతుందని వెండి వ్యాపారులు చెబుతారు. దొంగ అచ్చులకు శిక్షలు కఠినమైనవి. పద్దెనిమిదవ శతాబ్దం నడుమ కొంతకాలం అది మరణశిక్ష. వేమన మకుటం తగిలించిన పద్యాలతో మనకున్న పేచీ ఇటువంటిదే. 1829లో బ్రౌను వేమన పద్యాలను అచ్చువేసిన నాటి నుంచి మకుటం ఉన్నదల్లా వేమనదా అన్న ప్రశ్న పరిష్కర్తలను వదలలేదు. మకుటం ఆటవెలది చివర అతికిపోయే ముక్క. దాని ముందరి మూడు పాదాలకు టంకం ఎక్కడ పడిందో చూడడమే పాఠపరిష్కర్త పని.

ముద్ర లేకపోవడాన్ని కూడా సరిగా చదవాలి. ఇంగ్లండు చట్టం చిన్నచిన్న నగలకు మొదటినుంచీ మినహాయింపులు ఇస్తూ వచ్చింది. అచ్చు దెబ్బకు సున్నితమైన పని చెడిపోతుంది. నేటికీ అక్కడ 7.78 గ్రాములకు తక్కువైన వెండి వస్తువుకు ముద్ర తప్పనిసరి కాదు. ఆ లెక్కన మన మట్టెల్లో అనేకం ముద్ర అక్కరలేనివే. ముద్ర లేని పాత ఉంగరం కల్తీదని తీర్మానించడం, ముద్ర ఉన్నది ఆ ఊళ్ళోనే పుట్టిందని తీర్మానించడం రెండూ తొందరపాట్లే. రెండవదానికి భారతీయ వెండే సాక్ష్యం. 1867 నుంచి 1904 వరకు విదేశీ వెండి బ్రిటనులో అమ్మకానికి రావాలంటే అక్కడ పరీక్ష జరిపి, మామూలు ముద్రల పక్కన కోలగీతలో 'ఎఫ్' అనే అక్షరం కొట్టేవారు. ఆ ఒక్క అక్షరం అరిగిపోతే మన దేశపు వెండి లండను వెండి అయిపోతుంది.

మద్రాసు వెండిలో కంసాలి

బ్రిటిష్ పాలనలో భారతదేశానికి చట్టబద్ధమైన హాల్‌మార్కు లేదు. పాలకులు తమ దేశంలో ఆరువందల ఏళ్ళుగా నడిపిన పద్ధతిని ఇక్కడికి తేలేదు. అందువల్ల కలకత్తా, మద్రాసు కంపెనీలు సొంత గుర్తులు కల్పించుకున్నాయి. కలకత్తా హామిల్టన్ కంపెనీ తన పేరు పొడి అక్షరాల పక్కన ఏనుగు బొమ్మ కొట్టేది. దూరం నుంచి చూస్తే లండను ముద్రల వరుసలాగే ఉంటుంది. కాని ఆ ఏనుగు వెనుక పరీక్షాలయం లేదు, పుస్తకం లేదు. అలంకారంగా మారిన పూచీ అది.

మద్రాసు మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ గడియారాలకూ ఆభరణాలకూ ప్రసిద్ధి చెందిన సంస్థ. పంతొమ్మిదవ శతాబ్దం ఉత్తరార్ధంలో ఐరోపా కొనుగోలుదార్లను ఆకట్టుకున్న 'స్వామి' పనితనం ఈ సంస్థ పేరుతో ముడిపడి ఉంది. రేకును వెనుక నుంచి కొట్టి దశావతారాలు, గ్రామదేవతలు, వాహనాలు ఉబ్బెత్తుగా లేపే పని అది. టీ పాత్ర ఆకారం ఇంగ్లండుది. దాని మీద తేలిన నరసింహుడి కూర్పు, ప్రభామండలం, ఆయుధాల లెక్క దేవాలయ శిల్పసంప్రదాయం తెలిసిన చేతివి. ఆ చెయ్యి మద్రాసు రాజధానిలోని కంసాలిది. వస్తువు అడుగున ఉన్నది ఓర్ పేరు. అర్థశాస్త్ర పరిభాషలో అది నిస్సందేహంగా కారయిత ముద్ర. పట్టికలు దానిని 'తయారీదారు' గడిలో రాసినప్పుడు కర్త రెండవసారి మాయమవుతాడు. ముద్ర వేసిన కాలంలో ఒకసారి, చరిత్ర రాసే కాలంలో మరొకసారి.

అప్పటి పరిస్థితుల్లో వేరుగా జరగడం అసాధ్యమని అనుకోనక్కరలేదు. కచ్ఛ్ సంస్థానంలో ఊమర్సీ మావ్‌జీ ఆస్థాన వెండిపనివాడు. ఆయన తన పేరు పొడి అక్షరాలను, ఊరి పేరు భుజ్‌ను ఆంగ్లలిపిలో అచ్చుగా కొట్టాడు. లతల మధ్య వేటదృశ్యాలు చెక్కిన ఆ వెండి నేడు ఆయన పేరుతోనే చలామణీ అవుతుంది. ఆయనదీ పనిశాలే, ప్రతి దెబ్బా ఆయన కొట్టినది కాదు. అయినా కర్త కులానికి చెందినవాడే కారయిత కావడం వల్ల పేరు దక్కింది. మద్రాసులో ఆ రెండు స్థానాలూ వేర్వేరు మనుషులవి.

పట్టికలు తయారుచేసే సంస్థలు 'తయారీదారు' గడిని రెండుగా చీల్చి, కారయిత దగ్గర ముద్రలోని పేరునూ, కర్త దగ్గర 'పేరు తెలియని మద్రాసు కంసాలులు' అనీ రాయడం నేడే చేయదగిన పని. దానికి కొత్త పరిశోధన కూడా అక్కరలేదు.

తెలుగునాట ముద్ర లేని వెండి

మన ప్రాంతంలో వెండి మీద ముద్ర అలవాటు లేకపోలేదు. అమరావతిలో దొరికిన వెండి విద్ధాంక నాణేల నిధిని పరమేశ్వరీలాల్ గుప్తా పరిష్కరించగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1963లో ప్రచురించింది. ఆ తరహా నాణేల ముందువైపు విడివిడి అచ్చులతో కొట్టిన గుర్తులుంటాయి. వెనుకవైపు కనిపించే చిన్నచిన్న గుర్తుల్లో కొన్ని చేతులు మారినప్పుడు షరాబులు పరీక్షించి వేసినవని పలువురి అభిప్రాయం. షరాబు అన్న పర్షియా అరబ్బీ మాట మనకు తరువాత వచ్చింది, పని మాత్రం పాతదే.

పేరు చెక్కడం తెలియక కంసాలి ఊరుకున్నాడనడానికీ వీలులేదు. విజయనగర రాజుల రాగిశాసనాల్లో చివర కన్నడలిపిలో 'శ్రీ విరూపాక్ష' అన్న రాజముద్ర ఉంటుంది. రాజు తన పేరు రాయడు, దైవం పేరు రాస్తాడు. శ్లోకాలు కూర్చిన సభాపతి పేరు ఉంటుంది. ఆ పైన, రేకు చెక్కిన మల్లణ కుమారుడు వీరణాచార్యుడి పేరు ఉంటుంది. అధికారం, రచన, చేతిపని మూడింటికీ మూడు గుర్తులు. లండను సంఘం చిరుతపులి, సింహం, పనివాడి అచ్చు పక్కపక్కన కొట్టినట్టే. తేడా ఒక్కటే: ఇక్కడ చెక్కినవాడి పేరు పొడి అక్షరాల్లో కాక తండ్రి పేరుతో సహా పద్యంలో పొదిగి ఉంది. ఇంతటి స్పష్టతతో రాజశాసనంలో పేరు పెట్టుకున్న విశ్వకర్మ వంశాలవారే నగ మీద పెట్టుకోలేదంటే దానికి కారణం నగ తిరిగే వ్యవహారంలో వెతకాలి.

నగ అంగట్లో అపరిచితులకు అమ్మే సరుకు కాదు. ఇంటివారు లోహం ఇస్తారు, కంసాలి తూచి తీసుకుంటాడు, మజూరీ, తరుగు పోను తూచి ఇస్తాడు. ఎవరు చేశారో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ కంసాలి రేపు ఉండేదీ అదే ఊళ్ళో. అనుమానం ఉంటే ఎదుట కూర్చుని చేయించుకుంటారు. మనిషి ఎదుటే ఉన్నప్పుడు అతని పూచీకి అచ్చు అక్కరలేదు. అలాగని మోసం లేదని కాదు. కంసాలి మీద మన సామెతలు ఎంత అన్యాయంగా ఉన్నా అవి ఊరికే పుట్టలేదు. అర్థశాస్త్రం సైతం తులావిషమం, అపసారణం, విస్రావణం, పేటకం, పింకం అని బంగారు పనిలో అపహరణకు ఐదు ఉపాయాలు లెక్కపెట్టింది. వాటిలో మొదటిది తక్కెడతో చేసే మోసం. దానికి ఆ గ్రంథం చెప్పిన మందు నిఘా. తయారైన నగకు ముద్ర కాదు.

ముద్ర లేదు కనుక మన పాత వెండికి చరిత్ర లేదనడం సరికాదు. లోహం లోపల ఒక లేఖనం ఉంది. పంతొమ్మిది, ఇరవై శతాబ్దాల్లో పల్లెల్లో కడియాలకు, పట్టీలకు వెండి ఎక్కువగా రూపాయల రూపంలో వచ్చేది. 1835 నాటి చట్టంతో స్థిరపడిన కంపెనీ రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అందులో మేలి వెండి 165. వెయ్యికి దాదాపు 917 పాళ్ళన్న మాట. తులమే రూపాయి కనుక తూకం కూడా రూపాయలతోనే సాగింది. నిజాం రాజ్యపు హాలీ సిక్కా రూపాయి బరువు కొద్దిగా తక్కువ, వెండి బాగా తక్కువ. చార్మినారు బొమ్మ ఉన్న రూపాయల్లో 818 పాళ్ళు. 1940లో బ్రిటిష్ ఇండియా రూపాయిలో వెండిని సగానికి దించారు, 1947లో వెండే లేకుండా పోయింది. కాబట్టి ముద్రలేని ఒక పాత కడియంలో మేలిమి 917 దరిదాపుల్లో తేలిందా, 818 దరిదాపుల్లో తేలిందా, 500కు చేరువగా ఉందా అన్నది అది ఏ పాలన కింద, ఏ కాలంలో మూసలోకి దిగిందో చెప్పే ఆధారం కాగలదు. జాగ్రత్త అవసరమే. పాత నగలు కరిగించి కలుపుతారు; టంకం పాలు దించుతుంది. ఒక్క కడియంతో తీర్మానించకూడదు. కాని ఒకే ప్రాంతపు నగలను కొన్ని వందలు పరీక్షిస్తే లెక్కలు గుంపులుగా విడిపోవాలి. నగకు హాని లేకుండా ఎక్స్-కిరణాలతో పాళ్ళు కొలిచే పరికరాలు నేడు నగల దుకాణాల్లోనే ఉన్నాయి. మన జిల్లా ప్రదర్శనశాలల్లోని ఆభరణాలకు ఈ పని జరగాలి. రూపాయి మీది రాజు తల మూసలో కరిగిపోయినా రాజు నిర్ణయించిన పాళ్ళు నగలో మిగిలాయి.

కరీంనగర్ వెండి తీగపనికి మరో రకం ముద్ర వచ్చింది. వెంట్రుకల్లాంటి తీగలను మెలిపెట్టి, చుట్టి, అతికే ఆ పనిలో అచ్చు కొట్టడానికి జాగాయే దొరకదు. దెబ్బ పడితే అల్లిక చితికిపోతుంది. దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. అది మనిషికీ, దుకాణానికీ కాక ఊరికి, ఆ ఊరి పనివారందరికీ ఉమ్మడిగా దక్కిన పేరు. చినతిరుమలయ్య సంకీర్తనకూ అన్నమయ్య సంకీర్తనకూ ఒకే ముద్ర ఉన్నట్టు.

స్వతంత్ర భారతంలో హాల్‌మార్కు బంగారానికి 2000లో, వెండికి 2005లో వచ్చింది. మొదట బంగారం మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, మేలిమి అంకె, పరీక్షాకేంద్రం గుర్తు, సంవత్సరాక్షరం, నగల వ్యాపారి గుర్తు ఉండేవి. అంటే లండను వరుసనే పోలిన ఐదు ముద్రలు. తరువాత సంవత్సరాక్షరం పోయింది. 2021 నుంచి వ్యాపారి గుర్తూ, కేంద్రం గుర్తూ పోయి, వాటి స్థానంలో అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల విశిష్ట సంఖ్య వచ్చింది. వెండికి ఈ సంఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి, ఇష్టమైనవారికి, అమలులోకి వచ్చింది. ఇప్పుడు ఈ ముద్రను కళ్ళతో చదివి చేయగలిగింది తక్కువ. భూతద్దం బదులు ఫోను తీసి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టాలి. అప్పుడు నగ రకం, మేలిమి, వ్యాపారి నమోదు వివరాలు, పరీక్షాకేంద్రం తెరమీద కనిపిస్తాయి. పుస్తకం పోతే ముద్ర మూగదవుతుందన్న లండను అనుభవం ఈ పద్ధతికి మరింత వర్తిస్తుంది; ఆరు స్థానాల సంఖ్యలో కనీసం ఎవరి పేరులోని పొడి అక్షరాలూ ఉండవు. ఇక ఆ తెర మీది గడుల్లో కారయితకు చోటుంది, పరీక్షకుడికి చోటుంది. నగ చేసిన కంసాలికి ఇంకా గడి పెట్టలేదు.